నూట ఎనభై కిలోమీటర్ల కంచె

దక్కన్ భూదృశ్య జీవావరణ నిపుణుల సంఘానికి పేరెంత పొడుగో ఆఫీసు అంత ఇరుకు. నల్లగొండలో ఒక జిరాక్స్ దుకాణం మీద ఒకటే గది. బోర్డు గోడకు పట్టాలంటే పేరును నాలుగు వరుసలుగా విరవాల్సి వచ్చింది. ఆ విరవడంలో ‘జీవావరణ’ రెండు ముక్కలై, కింది నుంచి చూసేవాళ్లకు జీవా అనే వైద్యుడెవరో పైన ఉన్నట్టు కనిపించేది. మెట్లెక్కి వచ్చి నడుంనొప్పికి మందడిగినవాళ్లు ఏడాదికి నలుగురైదుగురు ఉండేవారు. తమంతట తాముగా సంఘాన్ని వెతుక్కుంటూ వచ్చిన ప్రజలు వాళ్లే.

భూదృశ్య జీవావరణ శాస్త్రమంటే ఏమిటో సంఘం అధ్యక్షులు ఆచార్య శ్రీశైలం గారు ప్రతి సభలోనూ చెబుతారు. ఒక చెట్టునో ఒక పిట్టనో విడిగా చూడకూడదు. గుట్ట, చేను, చెరువు, బాట, ఊరు అన్నీ కలిపి ఒకే బొమ్మగా చూడాలి. ఏ ముక్క దేనితో కలిసి ఉందో, ఎక్కడ తెగిపోయిందో కనిపెట్టాలి. మాటకు వంక పెట్టడానికి లేదు. కాకపోతే ఆయన ఆ బొమ్మను పదేళ్లుగా ఉపగ్రహం నుంచే చూస్తున్నారు. అంత ఎత్తు నుంచి చూస్తే కాల్లో ముల్లు దిగదు, మనుషులు కనపడరు, ఎవరి మాటా వినపడదు.

సంఘం మూడు నెలలకోసారి ‘భూదృశ్య వార్త’ అని ఎనిమిది పేజీల వార్తాలేఖ తెచ్చేది. మొదటి పేజీలో అధ్యక్షుల సందేశం, రెండో పేజీలో అధ్యక్షులకు శాలువా కప్పుతున్న ఫొటో, మూడో పేజీలో అధ్యక్షులు ఇంకొకరికి శాలువా కప్పుతున్న ఫొటో. ఆ తర్వాత కొత్త సభ్యులకు స్వాగతం, పోయిన సభ్యులకు సంతాపం, రాబోయే వెబినార్ల వివరాలు, అయిపోయిన వెబినార్ల మీద ప్రశంసలు. అప్పటికీ జాగా మిగిలితే చివరి పేజీలో ఒక పిట్ట. ఎక్కువసార్లు పాలపిట్టే వచ్చేది, ఎందుకంటే దాని ఫొటో సంఘం దగ్గర ముందే ఉంది.

ఈ వార్తాలేఖను కూర్చేది, దిద్దేది, కవర్లలో పెట్టి చిరునామాలు అంటించేది రూప ఒక్కతే. వృక్షశాస్త్రంలో పీజీ చేసింది. సంఘంలో ఆమె హోదా సమన్వయ సహాయకురాలు. అంటే ఎవరికీ ఎవరితోనూ సమన్వయం కుదరకపోతే తిట్లు ఆమెకన్నమాట. ఉద్యోగాన్ని ఏడాదికోసారి పొడిగిస్తారు, పొడిగించే ముందు నెల రోజులు ఆమెను చూసి నిట్టూరుస్తారు. సొంతూరు మర్రిగూడ పక్కన రాళ్లగూడెం. తండ్రి లేడు. తల్లి మైసమ్మకు గుంట భూమి కూడా లేదు. పద్దెనిమిది మేకలున్నాయి, వాటిని మేపడానికి ఊరి కంచె ఉంది. రూపను పీజీ దాకా చదివించింది ఆ రెండే.

కంచె అనగానే పుస్తకాల తెలుగు చదివినవాళ్లకు చేను చుట్టూ కట్టే అడ్డు గుర్తొస్తుంది. రాళ్లగూడెంలో అలా కాదు. చేను చుట్టూ ముళ్లు కొట్టి వేస్తే అది కంప, కర్రలు పాతితే దడి, ఇనుప తీగ లాగితే ఫెన్సింగ్. కంచె అంటే దున్నకుండా వదిలిన మేత భూమి. బండలు, గడ్డి, రేగు, బలుసు, తంగేడు, సీతాఫలం పొదలు, వాటి మధ్య కుందేళ్లు, కౌజుపిట్టలు, ఉడుములు. మేకలకు మేత అక్కడే, పొయ్యిలోకి పుల్లలు అక్కడే, పండ్ల కాలంలో పిల్లల కాపురమంతా అక్కడే. రాళ్లగూడెం కంచె నూట ఎనభై ఎకరాలు. బోరు నీళ్లలో ఫ్లోరైడు, చేలల్లో వానను నమ్ముకున్న పత్తి. ఎవరినీ ఏమీ అడగకుండా తన పని తాను చేసుకుపోయేది ఆ ఊళ్లో కంచె ఒక్కటే.

నిరుడు సంఘం ‘తెగిన దారులు’ అనే పెద్ద అధ్యయనానికి దిగింది. అడవి జంతువులు ఒకచోటు నుంచి ఇంకోచోటుకు పోయే దారుల్లో ఏమేం అడ్డం వచ్చాయో నలభై ఊళ్లలో లెక్క తీయాలి. ప్రశ్నల పట్టిక హైదరాబాదులో ఇంగ్లిషులో పుట్టింది. దాన్ని తెలుగు చేసింది సుచరిత, సంఘానికి గణాంకాలు చూసే అమ్మాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని నిజాయితీగానే చేసింది. అందులో పదకొండో ప్రశ్న, ‘మీ ఊరిలో కంచె ఉన్నదా? ఉంటే ఎంత?’ అని. పక్కన అంకె వేయడానికి ఒక గడి. ఆ గడిలో పడాల్సినవి కిలోమీటర్లని సుచరితకు తెలుసు. ఆ మాట పట్టికలో పెట్టడం మరిచిపోయింది.

ట్యాబు పట్టుకుని ఊరూరా తిరిగింది రూప. పదకొండో ప్రశ్న మొదటిసారి చదివినప్పుడు ఆమెకు సంతోషమేసింది. మూడేళ్లలో సంఘం తనకు తెలిసిన సంగతి అడగడం అదే మొదలు. కంచెల గురించి అడుగుతున్నారంటే వీళ్లకు ఎట్టకేలకు నేల వాసన తగిలిందనుకుంది. కేతేపల్లి దిక్కు రైతులు చెప్పారు, మర్రిగూడ దిక్కు గొర్రెలకాపరులు చెప్పారు. ఒకరు అరవై అన్నారు, ఒకరు నూట ఇరవై అన్నారు. రాళ్లగూడెంలో సర్పంచ్ లింగయ్య నూట ఎనభై అన్నాడు. ఎకరాలని ఎవరూ విడిగా అనలేదు. భూమిని ఎకరాల్లో కాక తులాల్లో చెబుతారా?

ఆ అంకెలు ఏమయ్యాయో ఆరు నెలల తర్వాత హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో తెలిసింది. సంఘం వార్షిక సదస్సు. ఏసీ చలి పుణ్యమా అని శాలువాలు మొదటిసారి పనికొచ్చాయి. తలుపు దగ్గర బల్ల వేసుకుని సభ్యులకు సంచులు పంచుతున్న రూపకు లోపలి మైకు స్పష్టంగా వినిపిస్తోంది.

“కంచే చేను మేసిందన్నారు మన పెద్దలు,” అని శ్రీశైలం గారు అందుకున్నారు. “మా అధ్యయనంలో తేలిందేమిటంటే, దక్షిణ తెలంగాణలో కంచె చేనునే కాదు, మొత్తం భూదృశ్యాన్నే మేసేసింది! నలభై ఊళ్లలో మూడు వేల రెండు వందల కిలోమీటర్ల కంచె. ఒక్క రాళ్లగూడెం అనే కుగ్రామంలోనే నూట ఎనభై కిలోమీటర్లు!”

సామెత వినగానే రూపకు సంగతి అర్థమైపోయింది. ఆ సామెతను బళ్లో ఆమె కూడా చదువుకుంది. చదువుకున్న రోజున, భూమి పోయి చేను మేయడమేమిటని తికమకపడింది కూడా. ఇప్పుడు చేతిలో సంచి చేతిలోనే ఉండిపోయింది.

రాళ్లగూడెం పొలిమేర చుట్టి వస్తే పదమూడు కిలోమీటర్లు. నూట ఎనభై కిలోమీటర్ల కంచె వేయాలంటే ఊరికి పద్నాలుగు చుట్లు చుట్టాలి. అలా చుడితే జంతువుల మాట దేవుడెరుగు, ఊళ్లో వాళ్లే బయటపడలేరు. హాల్లో రెండు వందల మంది నిపుణులున్నారు. డాక్టరేట్ లేనివాళ్లంటే వడ్డించేవాళ్లే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, ఆ అంకె విని ఒక్కరి నొసలూ ముడిపడలేదు. పైగా చప్పట్లు. ఒక పెద్దమనిషి లేచి, ఇంత దట్టమైన కంచె ప్రపంచంలో ఇంకెక్కడా నమోదు కాలేదన్నాడు. అది మాత్రం అక్షరాలా నిజం.

భోజనాల దగ్గర రూప ఆయనను పట్టుకుంది. ఆయన పళ్లెంలో పన్నీరు ముక్కలు ఏరుకుంటున్నారు.

“సార్, పదకొండో ప్రశ్న కాడ తప్పయింది సార్. మా దిక్కు కంచె అంటే ఫెన్సింగ్ కాదు. మేకలు మేపే భూమి. నూట ఎనభై ఎకరాలు సార్, కిలోమీటర్లు కాదు.”

“కంచె అంటే కంచేనమ్మా. నిఘంటువు చూడు.”

“ఊళ్లె గట్ల అనరు సార్.”

శ్రీశైలం గారు నవ్వారు. “నేను గీ జిల్లావోన్నే రూపా. హాలియాల పుట్టిన. నాకు తెల్వదా?”

జిల్లావాణ్నని చెప్పుకునేటప్పుడు మాత్రమే ఆయన నోట జిల్లా మాట వచ్చేది. హాలియాలో పుట్టిన మాట అబద్ధం కాదు. సాగర్ కాలువ కింది ఊరు. ఆయన కళ్లు తెరిచేనాటికే అక్కడి కంచెలన్నీ వరి మళ్లయిపోయాయి. లేని వస్తువుకు పేరు ఎవరు నేర్పుతారు? అది ఆయన తప్పు కాదు. తెలియదని చెప్పినా కూడా తప్పు కాకపోయేది.

“ఊరు చుట్టుకొలతే పదమూడు కిలోమీటర్లు సార్.”

“అందుకే కదమ్మా ఇది అసాధారణ ఫలితమైంది,” అన్నారాయన, ఓపికగా. “అయినా అచ్చయిన పత్రం. సవరణ వేయాలంటే సంపాదకవర్గం కూర్చోవాలి. తొమ్మిది మందిలో ముగ్గురు విదేశాల్లో ఉన్నారు, ఇద్దరికి మాటల్లేవు. నరసింహమూర్తి గారు పోయారు, సంతాపం నువ్వే వేశావు. చూద్దాంలే.”

ఆ సాయంత్రమే ఆ పత్రానికి సంఘం ఉత్తమ పరిశోధన పురస్కారం ఇచ్చింది. ఎంపిక చేసిన సంఘం అదే, రాసిన అధ్యక్షులు ఆయనే. తన చేతులతో తనకే శాలువా కప్పుకోవడం కుదరదు గనుక ఆ పని సుచరితతో చేయించారు.

పత్రం అక్కడితో అల్మారాలోకి పోయి ఉంటే ఎవరికీ నష్టం లేకపోయేది. సంఘం పత్రాలన్నీ చేరేది అక్కడికే. ఈసారి ఖర్మ కాలి పైవాళ్లెవరో చదివారు. చివర్లో ఒక సిఫారసు ఉంది. కంచెలు తొలగిస్తే జంతువుల దారులు మళ్లీ కలుస్తాయి, ముందుగా రాళ్లగూడెంలో తొలగించి చూడాలి అని. ఆ సిఫారసు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు, ఆ బల్ల నుంచి మండలానికి, మండలం నుంచి పంచాయతీకి నడిచింది. నడిచిన ప్రతి బల్ల దగ్గరా ఒక వాక్యం ఒళ్లు చేసింది. రాళ్లగూడెం చేరేసరికి, ‘మీ గ్రామ పరిధిలోని కంచెను సంపూర్ణముగా తొలగించి, నేల చదును చేసి, ఫొటోలతో సహా నివేదించవలెను’ అని తయారైంది. పంపినవాళ్లు అడ్డు తీయమన్నారు. అందుకున్నవాళ్లు భూమిని చదివారు. రెండు వైపులా ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

సదస్సు అయిన ఆరు నెలలకు, ఆషాఢంలో ఒక పొద్దున రూపకు తల్లి ఫోను చేసింది.

“బిడ్డా, మీ సంఘపోళ్లు మన కంచె తీసేయమన్నరంటగదనే. సర్పంచ్ సాబ్ పంచాయతీ కాడ సదివి ఇనిపిచ్చిండు. ఐతారం జేసీబీ వస్తదట. నిజమేనా?”

“మా సంఘమని ఎవలన్నరమ్మా?”

“పేరు సదివిండు గద. గంత పొడుగు పేరు ఇంకెవలికుంటది?” మైసమ్మ గొంతు తగ్గింది. “నా మేకలెటు పోవాలె బిడ్డా? గీ మోకాళ్లతోని గుట్టవతలికి తోలుతనా? అమ్ముకోవాల్నా?”

మైసమ్మ మోకాళ్లు వంగడం మానేసి పదేళ్లయింది. చిన్నప్పటి నుంచి తాగిన నీళ్ల పని అది. ఇంటి వెనకే కంచె ఉంది కాబట్టి ఆమె ఇంకా ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతోంది. ఆ పద్దెనిమిది మేకలు పోతే ఆమెకు మిగిలేది మంచం. ఇదంతా తాను ఒక గడిలో వేసిన మూడంకెల వల్ల వచ్చిందని తలుచుకుంటే రూపకు అన్నం సహించలేదు.

ఆమె మళ్లీ శ్రీశైలం గారి దగ్గరికి పోయింది. సిఫారసు వెనక్కి తీసుకుంటున్నామని ఒక్క ముక్క రాసిమ్మంది. ఆయన ఫోనులో ఏదో చూస్తూ విన్నారు.

“ఆదివారం మనమే వెళ్తున్నాం కదమ్మా, కంచె తొలగింపు ప్రారంభానికి. అక్కడ చూద్దాం. నువ్వు బ్యానరు సంగతి చూడు. పోయినసారి నా పేరు కింది వరుసలో పడింది.”

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు సంఘం బస్సు రాళ్లగూడెం చేరింది. ముప్పై మంది నిపుణులు, ముప్పై టోపీలు, ఒక డ్రోను, ఇడ్లీ పొట్లాలు. ‘కంచెలు లేని భూదృశ్యం, కలతలు లేని వన్యప్రాణి’ అన్న బ్యానరు రూప ఒళ్లో ఉంది. కంచె తీసేసిన జాగాలో నాటడానికి నర్సరీ నుంచి తెచ్చిన యాభై కోనోకార్పస్ అనే పరదేశపు మొక్కలు వెనక సీట్లో ఊగుతున్నాయి.

జేసీబీ మాత్రం సంఘం కన్నా ముందే వచ్చింది. దానికి టిఫిను గొడవ లేదు. ఆరింటి నుంచి పని చేస్తోంది. డాంబరు రోడ్డు పక్కన పది ఎకరాల మేర పొదలు వేళ్లతో సహా కుప్పలుపడి ఉన్నాయి. నేల తోలు ఒలిచినట్టుంది. కుప్పల్లో సీతాఫలం పిందెలు ఇంకా కొమ్మలనే పట్టుకుని ఉన్నాయి.

శ్రీశైలం గారు బస్సు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని నాలుగు దిక్కులా చూశారు.

“ఏదయ్యా కంచె?”

సర్పంచ్ లింగయ్య కండువా సర్దుకుని ముందుకొచ్చాడు. “గిదే సార్.”

“ఇదంటే ఏది?”

“మీరు నిలవడ్డదే సార్.”

శ్రీశైలం గారు కిందికి చూసుకున్నారు. బూట్ల కింద గడ్డి ఉంది, మేక పెంటికలున్నాయి. “నేల కాదయ్యా! కంచె, కంచె! నూట ఎనభై కిలోమీటర్ల కంచె!”

“కిలోమీటర్లేంది సార్? ఎకరాలు. గా గుట్ట కాడికెళ్లి గీ డాంబరు రోడ్డు దాంక అంత కంచెనే.”

నిపుణులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకాయన డ్రోను ఎగరేశాడు, పై నుంచి చూస్తే కనపడుతుందేమోనని. ఇంతలో బలుసు పొదల వెనక నుంచి మేకలతో మైసమ్మ వచ్చింది. కర్ర మీద బరువు ఆనించి నిలబడి, అధ్యక్షులను పైనుంచి కిందిదాకా చూసింది.

“కంచెల నిలవడి కంచేదని అడుగుతవేంది సారూ? ఇంట్లకొచ్చి ఇల్లేదన్నట్టు. తీసేయమన్నది మీరే గద. తీసేటోనికి ఏం తీస్తున్నడో ఎరుకుండొద్దా?”

“హోటల్ల నేను చెప్పింది గిదే సార్,” అంది రూప.

శ్రీశైలం గారి ముఖంలో రంగు మారింది. శాస్త్రవేత్త కదా, కళ్లెదుట ఉన్నదాన్ని కాదనలేకపోయారు. కాదనడానికి ఇంకా సమయం పడుతుంది.

రూప జేసీబీ దగ్గరికి పరుగెత్తింది. నడిపే విజేందర్ బండి ఆపకుండానే తల బయటపెట్టాడు. “ఆపుత అక్కా, నాకేంది? ఆపమన్న కాయితం ఇప్పియ్యి.”

లింగయ్యదీ అదే మాట. “కాయితంతోని షురువైంది కాయితంతోనే బందు గావాలె రూపా. నోటిమాటకు ఆపితే రేపు నన్నే నిలదీస్తరు. మీ సార్‌తోని రాయించు, గిప్పుడే ఆపిస్త.”

ఆమె తిరిగొచ్చేసరికి శ్రీశైలం గారు బస్సు నీడలో నిలబడి ఉన్నారు. ఆయనకు అప్పటికే దారి దొరికింది. ఇలాంటి దారులు వెతకడంలో ఆయన నిజంగానే నిపుణులు.

“రాస్తానమ్మా, సిఫారసు వెనక్కి తీసుకుంటున్నామని ఇప్పుడే రాస్తాను. కానీ కారణం ఉండాలి కదా. పత్రమే తప్పని రాస్తే పురస్కారం సంగతేమిటి? సంఘం పరువేమిటి? అదే సమాచారం సేకరించిన మనిషి పొరబడిందంటే ఎవరూ ఏమీ అనరు. లోకంలో ఎక్కడైనా జరిగేదే.”

“పొరబడింది నేను కాదు సార్.”

“ఎవరన్నారమ్మా నువ్వని? కాగితం మీద మాత్రమే.”

“సవరణ అంటే సంపాదకవర్గం కూర్చోవాలన్నరు గద సార్?”

“అది పత్రంలో తప్పుకు. సిబ్బంది తప్పుకు అధ్యక్షుడొక్కడు చాలు.”

రూపకు ఒళ్లు మండిపోయింది. కాగితం ఆయన ముఖాన కొట్టి, ముప్పై మంది ముందు కడిగేయాలనిపించింది. కడిగేస్తే ఆయన అలిగి బస్సెక్కుతారు, అదీ తెలుసు. అవతల జేసీబీ తొట్టె లేచింది. ఒక రేగు పొద గాల్లోకి పోయి, గిరగిర తిరిగి, కుప్ప మీద పడింది. మళ్లీ తొట్టె దిగింది. మైసమ్మ మేకలను వెనక్కి అదిలిస్తూ, ఆ మోకాళ్లతో అడుగు తీసి అడుగు వేస్తోంది.

“చెప్పండి సార్. రాస్త.”

బస్సు మెట్టు మీద కూర్చుని, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసింది. ‘క్షేత్ర సిబ్బందినైన నాకు కంచె అను పదమునకు అర్థము తెలియకపోవుట వలన, గ్రామస్థులు తెలిపిన వివరములను తప్పుగా నమోదు చేసితిని. ఇందు సంఘమునకు గాని, అధ్యక్షులకు గాని ఎట్టి బాధ్యతయు లేదు. నా అజ్ఞానమునకు చింతించుచున్నాను.’

“అజ్ఞానము అన్నది తీసేయొచ్చు గద సార్?”

“ఉండనీయమ్మా. నిండుగా ఉంటుంది.”

ఆమె సంతకం పెట్టింది. దాన్ని ఆధారం చేసుకుని ఆయన తన ఉత్తరం రాశారు, రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆరు నెలలుగా రాయడానికి కుదరని ఉత్తరం అదే. లింగయ్య చదివి, మడిచి, విజేందర్‌కు చెయ్యూపాడు. జేసీబీ నోరు మూసుకుంది. అప్పటికి పన్నెండు ఎకరాలు పోయాయి.

ఆ తర్వాత సంఘం తేరుకున్న వేగం చూసి తీరాలి. బ్యానరును వెనక్కి తిప్పి, మార్కరుతో ‘కంచెను కాపాడుకుందాం’ అని రాశారు. విధ్వంసాన్ని స్వయంగా వచ్చి ఆపిన సంఘమని శ్రీశైలం గారు పది నిమిషాలు మాట్లాడారు. తాను హాలియా బిడ్డనని, కంచె విలువ తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని కూడా అన్నారు. లింగయ్యకు శాలువా కప్పారు. మైసమ్మ మేకపిల్ల ఒకదాన్ని ఎత్తుకుని అధ్యక్షులు ఫొటో దిగారు, అది ఆయన చొక్కా గుండీ ఒకటి నమిలింది. తెచ్చిన కోనోకార్పస్ మొక్కలను వెనక్కి మోసుకుపోతే బాగుండదని, ఒలిచిన పన్నెండు ఎకరాల్లో వరుసగా నాటేశారు. మేకలు వచ్చి వాసన చూసి తల తిప్పుకుని పోయాయి.

బస్సెక్కబోతూ శ్రీశైలం గారు రూపను పక్కకు పిలిచారు. “వచ్చే సంచికకు ఇదే మొదటి పేజీ. కూర్పు సంగతి సుచరిత చూసుకుంటుందిలే. ఆ ఉత్తరం ఫైల్లో ఉండగా నీకు పొడిగింపు ఇస్తే నలుగురూ నన్ను అడుగుతారు కదమ్మా. పదం అర్థం తెలియని మనిషిని ఎట్లా పెట్టుకున్నారని.”

ఆమె బస్సెక్కలేదు. ఎవరూ ఎక్కమనలేదు కూడా.

దుమ్ము అణిగాక వచ్చి తల్లి పక్కన బండ మీద కూర్చుంది. నూట అరవై ఎనిమిది ఎకరాలు మిగిలాయి. సంతోషపడాలని తెలుసు. సంతోషం రాలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గు తనది కాదని తెలిసి మరింత కోపమొచ్చింది.

“ఏం రాసిచ్చినవ్ బిడ్డా, బండి ఆగింది?” అని అడిగింది మైసమ్మ.

“నాదే తప్పని రాసిచ్చిన.”

“నువ్వేం తప్పు చేసినవ్?”

రూప ఒక గడ్డిపరక తుంచింది. “కంచె అంటే ఏందో నాకు తెల్వదని రాసిన.”

మైసమ్మ కర్ర పక్కన పెట్టింది. “నిన్ను గన్నదే గీ కంచెల గదనే! మేకలను ఇడిసిపెట్టి పోలేక గా బలుసు పొదల సాటుకే గన్న. మాపటికి కొంగుల సుట్టుకొని ఇంటికి తీస్కపోయిన. బడిల ఏసిన్నాడు పుట్టిన జాగా ఏదని సారు అడిగితే కంచె అని రాయిచ్చిన. నీ సర్టిపికెట్ల గదే ఉన్నది.”

“ఉన్నదమ్మా. కొలువుల చేరేటప్పుడు దాని జిరాక్స్ సార్‌కే ఇచ్చిన. నా ఫైల్లనే ఉంటది. గీ ఉత్తరం గూడ తీస్కపోయి దాని మీదనే పెడతరు.”

మైసమ్మ ఆలోచనలో పడింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. వచ్చినవాళ్ల మీద మాత్రం గౌరవం ఉండేది.

“అందరు సదువుకున్నోళ్లే గద బిడ్డా,” అంది, “సదువలేదా?”